ముల్లు యాభై మీదికి వచ్చాక

మా ఉస్తాద్ పోయాడు. ఆదివారం పొద్దున ఏడింటికి పెద్దమ్మ ఫోన్ చేసింది. పెద్దమ్మ అంటే ఆయన భార్య. ఆయన దగ్గర పని నేర్చుకున్న మేమందరం ఆమెను అట్లాగే పిలుస్తాం. ఆమె గొంతులో ఏడుపేమీ లేదు. "మీ ఉస్తాద్ పోయిండురా. సిలిండర్ల ఇంకా గాలి ఉన్నది. గాలి ఉండంగనే పోయిండు" అన్నది. "ఎంత ఉన్నది పెద్దమ్మా?" అని అడిగాను. మనిషి పోయాడని చెప్తే ఎవరైనా అడిగే మాటేనా అది? ఆమె మాత్రం లేచిపోయి, మంచం పక్కన ఉన్న ఆక్సిజన్ సిలిండర్ చూసొచ్చి చెప్పింది. "ముల్లు ఎర్రగీత మీదికి ఇంకా రాలే."

ఆయన్ని మీలో ఎవరూ ఎరుగరు. ఎరిగినవాళ్లు మంచిగా చెప్పరు. అందుకే నేను రాస్తున్నాను.

కరీంనగర్ చుట్టుపక్కల బావిలో మోటారు పడ్డా, డ్యామ్ గేటు కింద మొద్దు ఇరుక్కున్నా, గ్రానైట్ క్వారీ గుంటలో మిషను మునిగినా ఆయనకే కబురొచ్చేది. వయసులో కొన్నేళ్లు రాయి కోశాడు. తర్వాత దుబాయ్ పోయి, ఓడల అడుగున పట్టిన నాచు గీకే పనిలో చేరి, వీపుకు సిలిండర్ కట్టుకుని నీళ్లలో దిగడం నేర్చుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు అందరూ టీవీలు, కంబళ్లు తెచ్చుకుంటే ఆయన పాత సిలిండర్లు, వాటిలో గాలి నింపే కంప్రెసర్ తెచ్చుకున్నాడు.

అప్పటికే మా అన్న ఆయన దగ్గర పని చేసేవాడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఏ పనిలోనూ నెల నిలవని నన్ను తీసుకుపోయి ఆయన ముందు నిలబెట్టాడు. ఆయన నా కాళ్ల వైపే చూశాడు.

"వీని కాలు ఒక్కకాడ ఉంటలేదు. నీళ్లల్ల ఏం జేస్తడు?"

"నేనున్న గదా ఉస్తాద్" అన్నాడు అన్న.

మొదటి రోజు చెప్పిన పాఠం ఒక్కటే. సిలిండర్ నిండా నింపితే గాలి కొలిచే ముల్లు రెండు వందల మీద ఉంటుంది. పీల్చేకొద్దీ దిగుతుంది. ఎర్రగీత ఉన్న యాభై మీదికి రాగానే చేతిలో పని ఎంతవరకు వచ్చిందో చూడకుండా పైకి బయలుదేరాలి.

"ఇంకా పావు వంతు ఉంటది గదా ఉస్తాద్, దండగ గాదా?" అని అడిగాను.

"గా యాభై నీది గాదు."

"మరెవ్వనిది?"

"నీ జోడి దిగినోనిది. వానికి అయిపోతే నీ యాభై మీద ఇద్దరు పైకి రావాలె. నువ్వు తాగినవంటే వాని గాలి తాగినట్టు."

చెప్పి ఊరుకునే మనిషి కాదు. రెండో వారం ఒక వ్యవసాయ బావి అడుగున, నా వెనుకకు వచ్చి సిలిండర్ మూత తిప్పి గాలి బందు పెట్టాడు. పీలిస్తే ఏమీ రాలేదు. తిరిగి చూస్తే నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, తాపీగా వేళ్లు లెక్కపెడుతున్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది. పదో వేలు లేచాక తెరిచాడు. పైకొచ్చి కక్కుకున్నాను. లాగు తడిసింది కూడా, కాని బావిలో ఎవరికి తెలుస్తుంది?

"ఎట్లున్నది?"

"పాణం పోయినట్టయింది ఉస్తాద్."

"పోలే గదా. యాదికుంచుకో" అని బీడీ ముట్టించాడు. ఆ నెలలో నాలుగుసార్లు చేశాడు. నాలుగోసారి నేను కళ్లు మూసుకుని కదలకుండా కూర్చున్నాను. ఆ రోజు ఇంటికి తీసుకుపోయి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించాడు.

ఆయన బండి కూడా రిజర్వులో నడిచేది కాదు. ఒకసారి అల్గునూరు రోడ్డు మీద బండి ఆగిపోయింది. రిజర్వు మూత తిప్పితే పెట్రోలు ఉంది. ఆయన తిప్పలేదు. ఎర్రటి ఎండలో బంకు దాకా తోసుకుంటూ పోయాడు. వెనుక నుంచి నేనూ అన్నా తోస్తున్నాం.

"ఉస్తాద్, గిది నీళ్లు గాదు, రోడ్డు" అన్నాడు అన్న.

"అలవాటుకు రోడ్డేందిరా, నీళ్లేంది? తొయ్యి."

అన్న నా చెవిలో, "పెద్దమ్మ ఎట్ల ఏగుతుందో ఈయనతోని" అన్నాడు. ఇద్దరం నవ్వు ఆపుకోలేక చచ్చాం.

ఇప్పుడు క్వారీ సంగతి రాయాలి.

వంద అడుగుల లోతు గుంట. వాన నీళ్లతో నిండింది. నీళ్లు తోడే పెద్ద మోటారు తెప్పతో సహా తిరగబడి మునిగింది. దానికి ఇనుప తాడు కొక్కెం తగిలించి వస్తే పైనుంచి క్రేన్ లాగుతుంది. మాతో పాటు అవసరానికి పనికొచ్చే రెండు ఎచ్చు సిలిండర్లు నిండుగా ఉండాలని ఉస్తాద్ నియమం. ముందు రోజు సాయంత్రం వాటిని నింపే పని నాది. ఒక్కోటి నిండడానికి అరగంట పడుతుంది. ఆ గంటసేపు నేను కంప్రెసర్ పక్కన కూర్చోలేకపోయాను. దోస్తులు పిలిస్తే బైపాస్ మీదికి పోయాను. ఆ పొద్దున వాడిన సిలిండర్లనే నింపకుండా బండిలో వేశాను.

"నింపినవా?"

"నింపిన ఉస్తాద్."

రోజూ తానే ముల్లు చూసుకునేవాడు. ఆ రోజు క్వారీ మనిషి క్రేన్ వచ్చి నిలబడ్డదని తొందరపెట్టాడు. ఉస్తాద్ చూడలేదు.

మోటారు ఎక్కడుందో చూడడానికి ముందు తాను దిగి వచ్చాడు. తర్వాత నేనూ అన్నా దిగాం. నేను లైటు పట్టాను, అన్న కొక్కెం పట్టాడు. అన్న ముల్లు యాభై మీదికి వచ్చింది. నేను చూపించాను. అన్న ఒక వేలు ఎత్తాడు. ఒక్క నిమిషం. కొక్కెం పడింది. అదే ఊపులో మోటారు వాలుకు జారి, కొక్కెమూ తాడూ తన కిందే ఇరికించుకుని అన్న మోకాలి మీద కూర్చుంది. ఇక క్రేన్ లాగితే అన్న కాలు మీదుగానే ఈడుస్తుంది.

నడుముకు కట్టిన తాడు గుంజి పైకి సైగ చేశాను. ఉస్తాద్ ఎచ్చు సిలిండర్లు తెరిచి చూస్తే ఒకదానిలో పది, ఇంకోదానిలో నలభై. ఆయన సిలిండర్‌లో వంద మిగిలి ఉంటే అదే కట్టుకుని దిగాడు. అప్పటికి అన్న గాలి అయిపోయి, నా సిలిండర్‌కు ఉన్న రెండో గొట్టం నోట్లో పెట్టుకుని ఉన్నాడు. గడ్డపారతో ఇద్దరం లేపి చూశాం. కదల్లేదు. నా ముల్లు యాభై మీదికి వచ్చింది. ఉస్తాద్ తన సిలిండర్ విప్పి అన్న చేతుల్లో పెట్టాడు. అన్న నోట్లోంచి నా గొట్టం తీసి తాను పెట్టుకున్నాడు. నా మెడ పట్టుకుని పైకి లాగాడు. అన్న నా కాలు పట్టుకున్నాడు. ఉస్తాద్ ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పాడు.

నా యాభై మీద ఇద్దరం పైకొచ్చాం. మళ్లీ దిగడానికి నలభై ఉన్న సిలిండర్ నేను వీపుకు కట్టుకున్నాను.

"పోను సరిపోతది. రాను?" అన్నాడు ఉస్తాద్.

"నాకు రావుడొద్దు!"

ఒక్కటి కొట్టాడు. నా వీపు మీది నుంచి సిలిండర్ గుంజుకుని, తాడుకు కట్టి అన్న ఉన్న చోటికి దించాడు. నా చేతులు రెండూ టిప్పర్ బంపర్‌కు కట్టేశాడు. ఖాళీ సిలిండర్లు ఇచ్చి, కంప్రెసర్ మీద నింపుకు రమ్మని ఒక మనిషిని బండి మీద ఇంటికి తరిమాడు. ఇక చేసేదేమీ లేదు. గుంట అంచున కూర్చుని నీళ్ల మీది బుడగలు చూశాడు. నేనూ చూశాను. బుడగలు గుత్తులు గుత్తులుగా వచ్చాయి, తర్వాత ఒక్కొక్కటి. దించిన సిలిండర్ అన్న చేతికి అందిందో లేదో ఇప్పటికీ తెలియదు. బుడగలు ఆగినా ఉస్తాద్ లేవలేదు. నిండిన సిలిండర్లు వచ్చాక దిగి, ఒక్కడే అన్నను తెచ్చాడు.

దవాఖానలో పోస్టుమార్టం గది ముందు మమ్మల్ని కన్న అవ్వ ఆయన మీదికి ఉరికింది. "నా కొడుకును నీళ్లల్ల ఇడిసిపెట్టి వస్తివా! ఒడ్డు మీద కూసోని చూసినవట గదరా!" అని చెప్పు తీసింది. ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. రెండు దెబ్బలు చెంప మీద పడ్డాయి. మూడోది నేను ఆపాను. ఆపడం ఒక్కటే చేశాను. పోలీసులు అడిగితే ఆయన, "ఎచ్చు సిలిండర్లు నేను చూసుకోలే. తప్పు నాదే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ తర్వాత నీళ్ల పనికి ఆయన్ని ఎవరూ పిలవలేదు. 'గాలి ఉండంగ పిలగాన్ని చంపినోడు' అనే పేరొచ్చింది. బతకడానికి మళ్లీ గ్రానైట్ కోసే కారఖానాలో చేరాడు. వయసులో మింగిన దుమ్ముకు ఈ దుమ్ము తోడైంది. నాలుగేళ్లలో ముక్కుకు గొట్టం పెట్టుకుని మంచాన పడ్డాడు.

అప్పుడు చూడడానికి పోయాను.

"ఉస్తాద్, అవ్వకు చెప్త."

"నాలుగేండ్లు ఏం జేసినవ్?" మాటకూ మాటకూ నడుమ చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"నువ్వెందుకు చెప్పలే?"

"నీ కోసమనుకున్నవా? నీ మొఖం. మీ అవ్వకు ఉన్నదే ఇద్దరు. ఒక్కడు నీళ్లల్ల పాయె. రెండోవాన్ని గూడ ఆమె చేతులకెల్లి నేన్ గుంజుకోవాల్నా?" కాసేపు దగ్గాడు. "నువ్వు అబద్ధమాడినవ్. నేన్ చూడలే. ఇద్దరం గలిసి తిన్నం వాన్ని. నీ కడుపుల బరువు దించుకోనీకి ఆమెకు చెప్తవా? జర సోంచాయించు."

నేను ఏడ్చాను. ఆయన గోడ వైపు తిరిగి, "పెద్దమ్మ చాయ పెడతది, తాగి పో" అన్నాడు. నాతో ఆయన ఆడిన చివరి మాట అది. బతికి ఉండడం ఆయన నాకు రెండుసార్లు ఇచ్చాడు. రెండుసార్లూ తిట్టుకుంటూనే ఇచ్చాడు.

ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి దూరం జరుగుతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయాడంటారు. నేను పోతుంటే అవ్వ, "బండి ఆపు, నేనొస్త" అన్నది. "పిట్ట ముట్టకుండ ఉండుడు నా కండ్లతోని చూడాలె."

కోడికూర, ఉడకబెట్టిన శనగ గుడాలు, ఒక గ్లాసు కల్లు. కాకి కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. పెద్దమ్మ తమ్ముడు ముందుకుపోయి, "బావా, అక్కను నేన్ చూసుకుంట, ముట్టు" అన్నాడు. దిగలేదు. అరగంట అయింది. వెనుక నుంచి అవ్వ గట్టిగా అన్నది. "ఎట్ల ముడతది? నా కొడుకు ఉసురు."

పెద్దమ్మ తల దించుకుంది. నాకు ఆయన మాట గుర్తుంది. అయినా నోరు ఆగలేదు.

"అవ్వా, సిలిండర్లు నింపంది నేను. నింపిన అని ఆయనకు అబద్ధం చెప్పింది నేను."

"ఎందుకు చెప్పినవురా" అన్నది పెద్దమ్మ, మెల్లగా. "ఆయన పాణం పోయేదాక దాసిపెట్టె గదరా."

అవ్వ నా వైపు చూడలేదు. కాకి దిగలేదు. కాసేపటికి పెద్దమనుషులు ఇక చాలని, విస్తరి అక్కడే వదిలేయమని చెప్పి లేచారు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బండి తిప్పి తెచ్చి పిలిచాను.

అవ్వ విస్తరి దగ్గర గొంతుకూర్చుని ఉంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. కొంగుతో ఈగలు తోలుతూ, రెండో చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, తీగ వైపు తలెత్తి "కా... కా..." అని పిలుస్తోంది. గొంతు జీరబోయింది. పిలుస్తూనే ఉంది.