వేడినీటి కొలనులో నువ్వుల నూనె

ఎనభైల్లో ఓసారి వర్జీనియా కొండల్లో ఒక పాతకాలపు హోటల్లో దిగాం. అక్కడి వేడినీటి ఊట కొలనుకి పెద్ద పేరు. వేడినీళ్ల స్నానం అనగానే నాకు తలంటు గుర్తొచ్చింది. వెంట తెచ్చుకున్న నువ్వుల నూనె తలకీ ఒంటికీ పట్టించి, వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాను.

పక్కనున్న తెలుగు పెద్దావిడ వాసన పట్టేసింది.

“నువ్వుల నూనే కదూ! ఈ దేశం వచ్చాక తలంటుకున్న పాపాన పోలేదు. కాస్త వెయ్యమ్మాయ్,” అంటూ చెయ్యి చాపింది.

సీసా వంచాను. మాడుకి మర్దనా చేసుకుంటూ, “మా అమ్మ గుర్తొస్తోంది,” అంది. నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత ఆవిడ తన జుట్టంతా రబ్బరు టోపీలోకి దోపేసుకుంది. ఎందుకో నాకు తట్టలేదు.

ఇద్దరం దిగిన కాసేపటికే నీళ్లమీద నూనె తేలింది. అమెరికన్ ఆడవాళ్లు మొహాలు చిట్లించి ఒడ్డెక్కారు. అటెండెంట్ పరుగున వచ్చి, ఎవరి పని ఇదని గద్దించింది.

పెద్దావిడ నాకు దూరంగా జరిగి, “షి డిడ్ ఇట్. దీజ్ పీపుల్ నెవర్ లెర్న్,” అంది.

నన్ను అందరి ముందూ బయటికి నడిపించారు. ఆవిడ మొహం ఎప్పుడో మరిచిపోయాను. నావైపు చూపించిన వేలు మాత్రం మరిచిపోలేదు. అది నా నూనెతో ఇంకా మెరుస్తూనే ఉంది.