పేజీ చివర ముద్ర వేసిన మా బావ

మా అక్క భర్త, నేతపనికి వలసవచ్చి గోడాదరాలో స్థిరపడ్డ తెలుగువారి వార్తల వెబ్‌సైటుకు జనకుడు, పోషకుడు, ఏకైక విలేకరి అయిన లింగయ్య బావ నిద్రలోనే దివంగతుడైనాడు. ముందటి సాయంత్రం నాతో తగాదా పెట్టుకున్న మనిషి తెల్లారేసరికి లేడంటే నా మనసు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

ఖటోదరాలో మగ్గాల మాస్టరుగా జీవితం గడిపిన ఆ కర్మయోగికి తనకు రాని విద్య ఒకటుందంటే కోపం. వెబ్‌సైటు పెట్టడం సొంతంగా నేర్చుకున్నాడు. పెండ్లిళ్ళు, చావులు, మగ్గాలు బందయిన కబుర్లు నిర్మొహమాటంగా రాసేవాడు. సొంత తమ్ముడు మల్లేశం కూతురి పెండ్లి వార్తలో కూడా "మటన్‌లో ఉప్పు తక్కువైనది" అని రాశాడు. ఆనాటి నుంచి జోల్వాలో ఉండే మల్లేశం తన అన్న ఫోను ఎత్తలేదు.

బావ లోలోపల కుమిలిపోయాడు. క్షమాపణ అడగడం ఆయన జాతకంలో లేదు గనుక, "విచారణలో ఉప్పు సరిపోయినట్లు తేలినది" అని సవరణ వేశాడు. కానీ మల్లేశం సైట్లు తెరిచి చదవడు. కొత్త వార్తలను తెచ్చిపెట్టే ఫీడ్ రీడర్ యాప్‌లోనే చదువుతాడు. బావ మరదలు, అంటే మల్లేశం భార్య, చాటుగా అందులో బావ సైటు అడ్రసు కొడితే, ఫీడ్ దొరకలేదని వచ్చిందట.

దొరకదు మరి. ఫీడ్, అంటే సైటులోని కొత్త వార్తల జాబితా, ఎక్కడుందో చెప్పే వాక్యం మనుషులకు కనిపించదు, యాప్ దాన్ని పేజీ తలభాగంలో వెతుక్కుంటుంది. బావ దాన్ని అట్టడుగున పెట్టాడు. పైకి మార్చమని బతిమాలాను.

"తాకా బట్టకు ముద్ర చివర్నే కొడ్తం. కొనేటోడు ఆడనే సూస్తడు. నెత్తి మీద కొడ్తరా ఎవలన్న?" అన్నాడు, బట్ట తానును తాకా అనే మా బావ.

పైగా పేజీ మీద ఎర్రటి అక్షరాలతో "ఫీడ్ కింద ఉన్నది" అని రాసి బాణం గుర్తు పెట్టాడు. అది గోడాదరా మొత్తానికి కనిపించింది, యాప్‌కు తప్ప.

చివరి సాయంత్రం మా తగాదా దాని గురించే. నేను విసుక్కుని వచ్చేశాను. తర్వాత ఆయన చాలాసేపు గొణుక్కుంటూ కూర్చుని, వాక్యాన్ని తలభాగానికి మార్చి, "జర మల్ల కొట్టి సూడమ్మా" అని మరదలికి ఫోన్ చేశాడని అక్క చెప్పింది.

మరునాడు మరణవార్త సైటులో నేనే రాశాను. మరదలు అడ్రసు మళ్ళీ కొట్టగానే మల్లేశం ఫోనులో పైన ఆ వార్త, దాని కింద సవరణ వచ్చి నిలిచాయి. మధ్యాహ్నానికి వచ్చి అన్న కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఉప్పు తక్కువనే ఉండె అన్నా. నాకెరుకే" అన్నాడు. లేస్తూ నా చెయ్యి పట్టుకుని, ఆ సవరణ తీసెయ్యమన్నాడు.

తీసేశాను. బావ మొదట రాసిందే నిజమని సైటులో ప్రకటించాను. సత్యసంధుడైన ఆ విలేకరికి ఇదే నా నివాళి. నాతో తగాదా పెట్టుకోవడానికి అంతటివాడు ఇక దొరకడు.