రోడ్డు గట్టు ఆకు

ఆ రోజు నేను చేసిన తప్పుకు మూలం బద్ధకం. పట్టుపురుగులకు మల్బరీ ఆకు చేను నుంచి తేవాలి. చేను దూరం. ఇంటి ముందు, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు గట్టున నావే కొన్ని మల్బరీ చెట్లుండేవి. యుద్ధకాలపు మిలిటరీ లారీలు అక్కడే ఆగి పొగ వదిలేవి. గంపెడు ఆకు అక్కడే దూశాను. చేతులు నల్లబడితే కడుక్కున్నాను.

కడుక్కోకుండా పురుగుల గదిలోకి పోకూడదు మరి. మా ఆచారం అంత గట్టిది. పొగాకు నమిలినవాడు రాకూడదు, చావు మైల ఉన్నవాళ్లు గడప తొక్కకూడదు. లారీ పొగకు మాత్రం ఏ మైలా లేదు. గట్టు ఆకు చాలక, ఒక్క తట్టలో పురుగులకు మాత్రం ముందురోజు మిగిలిన చేను ఆకే వేశాం.

మర్నాటికి పురుగులు మేత మాని తలలు వాల్చాయి. వీధి వీధంతా గుమిగూడింది.

"మైలోళ్లు ఎవురన్నా వచ్చినారా అప్పా?" అన్నాడు పక్కింటి పెద్దాయన.

మా ఇంట్లో ఆకు తరిగి మేత వేసే ఆమె, అన్న చనిపోతే కుప్పం వెళ్లి అప్పుడే తిరిగొచ్చింది. నేను ఆమె వైపు చూశాను. ఆ చూపే చాలింది.

"కర్మం ముగించుకొని, తలకు పోసుకొనే వచ్చినానప్పా," అందామె.

"అట్లయితే యాల సచ్చినాయి?" అన్నాడు పెద్దాయన.

జవాబు నా చేతులకు తెలుసు. నేను నోరు విప్పలేదు. సాయంత్రానికల్లా వీధిలో ఏ ఇంటి పురుగుల గదిలోకీ ఆమెను రానివ్వలేదు. ఆమెకు తెలిసిన పని అదొక్కటే.

గంప అడుగున అంటుకొని ఉండిపోయిన నాలుగు ఆకులను నా తెల్ల పంచెతో తుడిచాను. పంచె నల్లబడింది. చేను ఆకు తిన్న తట్టలో పురుగులు మాత్రం కరకర నములుతున్నాయి. దానికీ మేత వేసింది ఆమే. పెట్రోలులో సీసం కలుపుతారని చాలా ఏళ్ల తర్వాత విన్నాను. చంపింది సీసమో, మసో చెప్పలేను. ఆమె కాదని మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది.

ఆ పంచె పట్టుకొని ఇంటింటికీ తిరిగి, తప్పు నాదని చెప్పాను.

"రోడ్డాకుకే సస్తాయా? మా ఎద్దు దినామూ తింటాండాది, బాగానే ఉండాది," అన్నాడు పెద్దాయన.

"నీ ఎద్దు పట్టుగూడు కట్టదు కదప్పా," అన్నాను.

గట్టు మీది చెట్లు నరికేశాను. కొత్త పురుగులు వచ్చిన రోజు అందరినీ పిలిచి, గది గడపను ఆమెకే అప్పగించాను. లోపలికి ఎవరు రావాలో ఆమే చెప్పాలి. నేను చేను నుంచి గంప మోసుకొచ్చాను.

"ఆకు యాడిదప్పా?"

"చేనిదేనమ్మా."

"తుడువు, సూస్తా."

అందరి ముందూ పంచెతో తుడిచి చూపించాను. మరక పడని పంచెను అటూ ఇటూ తిప్పి చూసి, ఆమె గడప నుంచి పక్కకు జరిగింది.