రాజనర్సు గుట్టెక్కిన ఆదివారం

సిద్దిపేటలో ఎవరింట్లో టూరు మాట వచ్చినా, ఎక్కడికి పోవాలో తేలకముందే రాజనర్సుకు ఫోన్ పోతుంది. ఆయన బండి తోలితే వెనక సీట్లో పిల్లలకు వాంతులు కావని పేరు. లక్నవరమైనా, అనంతగిరైనా, ఏ దారిలో ఇడ్లీ వేడిగా దొరుకుతుందో, ఎక్కడ ఆడవాళ్లకు బాత్‌రూం శుభ్రంగా ఉంటుందో అడగకుండానే చెబుతాడు. ఇంత తిరిగిన మనిషి ఒక్క గుట్టా ఎక్కలేదంటే నమ్ముతారా? నమ్మాలి మరి. బండి కిరాయికి మాట్లాడుకున్న పార్టీ పైకి పోతుంది, డ్రైవర్ బండి దగ్గర ఉంటాడు. చెప్పులు, సంచులు, ఎక్కలేని ముసలివాళ్లు ఆయన కాపలాలో ఉంటారు. గుట్టల పాదాలన్నీ ఆయనకు తెలుసు, శిఖరం మాత్రం ఒక్కదానిదీ తెలియదు. చిన్నకోడూరులో కల్లు గీయడానికి తాళ్లెక్కే ఇంట్లో పుట్టి నేల మీదనే బతికేస్తున్నాడని భార్య ఉష ఎగతాళి చేసేది.

ఆ ఎగతాళి వెనక కడుపుమంట ఉంది. ఆదివారమంటే కిరాయి, సెలవంటే కిరాయి. లోకాన్నంతా తిప్పే మనిషి ఇంటివాళ్లను ఒక్కరోజు కూడా ఎక్కడికీ తీసుకుపోలేదు. రెండుసార్లు ఉష పులిహోర మూటగట్టి, మంచి చీర కట్టుకుని కూర్చున్నాక ఫోన్ వచ్చింది. పాత పార్టీ, కాదనలేనంటూ ఆయన వెళ్లిపోయాడు. ఆ పులిహోరను తల్లీకూతుళ్లు ఇంట్లోనే తిన్నారు.

ఇప్పుడు కూతురు సింధుజకు కరీంనగర్‌లో ఒక దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆ ముందు ఆదివారం ముగ్గురం కలిసి భువనగిరి ఖిల్లా ఎక్కాలని పట్టుబట్టింది.

"బాపు, రేపు నువ్వు డ్రైవర్‌వి కావు. మాతోటి టూరుకొస్తున్నవ్. ఈసారి గూడ ఆగిపోతే నేను మల్ల అడుగ."

కోపంగా అని ఉంటే సర్దిచెప్పేవాడే. ఆ పిల్ల మామూలుగా అంది. అందుకే ఆయనకు భయం వేసింది.

పొద్దున్నే బయలుదేరి ప్రజ్ఞాపూర్‌లో టిఫిన్‌కు ఆగారు. అక్కడ ఆయన ఎప్పుడూ ఆగే హోటల్ వెనక ఒక రేకుల గది ఉంది. పార్టీలను తెచ్చిన డ్రైవర్లకు అందులో ఊరికే తినిపిస్తారు. రాజనర్సు భార్యనూ కూతురినీ గుమ్మం ముందు దించాడు, బండిని నీడకు పెట్టాడు, ముందద్దం తుడిచాడు, నేరుగా రేకుల గదిలోకి నడిచాడు. సప్లయర్ అలవాటుగా ప్లేటు పెట్టాడు. రెండో ఇడ్లీ మీద చట్నీ పోసుకుంటుంటే పక్కనున్న డ్రైవర్, ఇవాళ ఏ పార్టీని తెచ్చావన్నా అని అడిగాడు. చెప్పబోతూనే రాజనర్సు ప్లేటుతో సహా లేచాడు. ఇవాళ్టి పార్టీ తన పెళ్లాం, తన బిడ్డ.

ఆ ప్లేటుతోనే హోటల్ ముందున్న హాల్లోకి పరుగెత్తాడు. వాళ్లిద్దరూ ఇంకా టిఫిన్ ఏదీ చెప్పకుండా కూర్చున్నారు. మూడో కుర్చీ మీద ఉష తన సంచి పెట్టి ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. సగం తిన్న ప్లేటుతో ఎదురుగా నిలబడ్డ మొగుణ్ణి చూసి ఆమె సంచి తీసింది. సింధుజ మాత్రం వదల్లేదు.

"గుట్ట కాడ గూడ గిట్లనే చేస్తవా బాపు?"

ఆయన సిగ్గుతో తల దించుకుని, ఇద్దరికీ దోశలు చెప్పి, వాళ్లు తినేదాకా వాళ్ల పక్కనే కూర్చున్నాడు.

భువనగిరిలో గుట్ట కింద బండి ఆపగానే తెలిసిన డ్రైవర్లు పేక కలుపుతూ కేకేశారు. రాజనర్సు చెయ్యి ఊపి మెట్ల వైపు నడిచాడు. మెట్లున్నంత వరకు బాగానే ఉంది. ఉత్త బండ మొదలయ్యాక ఊపిరి అందలేదు, పిక్కలు పట్టేశాయి. ఇంతకాలం బండిలో కూర్చుని ఊళ్లన్నీ తిరిగిన కాళ్లు కదా, ఊరుకుంటాయా? ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఉష తన చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడుస్తోంది.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. శైలేందర్ సారు. ఆయన ఇంట్లో పెళ్లిళ్లకూ, మొక్కులకూ రాజనర్సు బండే పోయేది. చుట్టాలు దిగారట, మధ్యాహ్నం యాదగిరిగుట్టకు పోవాలట, రాజనర్సే రావాలట. ఫోన్‌లో మాటలు పక్కవాళ్లకు వినబడుతున్నాయి. సింధుజ ఆగి తండ్రి ముఖం చూసింది. ఉష ఆ మాత్రం కూడా చూడలేదు. ఎవరూ ఏమీ అనకముందే చెప్పులు కింద పడేసి, కాళ్లకు తొడుక్కుని, కిందికి దిగడం మొదలుపెట్టింది.

రాజనర్సు ఆ దిగడం చూశాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"రాను సార్," అన్నాడు. "ఇయ్యాల బండి లేదు. ఇంటోళ్లతోటి నేనే టూరుకొచ్చిన. గుట్ట మీద ఉన్న."

సారు ఇంకేదో అంటుండగానే దండం చెప్పి ఫోన్ పెట్టేశాడు. గబగబా దిగిపోయి ఉష చెయ్యి పట్టుకున్నాడు.

"గటెక్కడికే? పైకి నడువు."

ఆమె నమ్మనట్టు ఒక్క క్షణం చూసింది. తర్వాత చెప్పులు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

పైకి చేరేసరికి ముగ్గురికీ చెమటతో బట్టలు తడిసిపోయాయి. గాలి మాత్రం చల్లగా కొట్టింది. బురుజు నీడన కూర్చున్న ఒకావిడ జరిగి చోటిస్తూ, ఎక్కడి నుంచి వచ్చారమ్మా, ఎవరు తీసుకొచ్చారు అని ఉషను పలకరించింది. ఇంట్లో గట్టిగా మాట్లాడని మనిషి, అక్కడున్న వాళ్లందరూ తిరిగి చూసేట్టు జవాబు చెప్పింది.

"సిద్దిపేట మాది. గీయిన నా పెనిమిటి. ఈయినే తీస్కొచ్చిండు."

మంచి డ్రైవరని రాజనర్సును ఎన్నో పార్టీలు మెచ్చుకున్నాయి. అన్నింటికీ నవ్వి ఊరుకున్నాడు. ఈ మాటకు మాత్రం ఛాతీ విరుచుకుని, అందరికీ కనబడేట్టు భార్య పక్కన నిలబడ్డాడు.