బాపు సరిచేసిన తీగలు

పాత కంప్యూటర్ డబ్బా మూత తీస్తే ముందు కనిపించేది దుమ్ము. ఆ దుమ్ము చూసి అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేస్తాను నేను. చీరల మార్కెట్ దుకాణంలో బతికిందైతే ఫ్యాను చుట్టూ గులాబీ రంగు నూగు, అందులో జరీ తళుకులు. హజీరా ఫ్యాక్టరీల వైపు ఆఫీసుల నుంచి వచ్చిందైతే దుమ్ము నల్లగా ఉంటుంది, వేళ్లకు గరగరలాడుతుంది. సాంచెల కార్ఖానా నుంచి వస్తే ఇక చెప్పక్కర్లేదు, పరుపు చింపినట్టే. సాంచె అంటే సూరత్‌కు వలసొచ్చిన మా నేతవాళ్ల మాటలో మరమగ్గం. అలాంటి డబ్బాను బ్రష్షుతో దులిపి, పాత చార్జర్‌తోనూ చిన్న మోటారుతోనూ మేమే చేసుకున్న ఊదే మిషన్‌తో నూగంతా ఊది, తీగ పెట్టి మీట నొక్కుతామా, అది 'బీప్' అంటుంది. ఆ ఒక్క కూత కోసం వారమంతా ఎదురుచూస్తాను. ఇన్నేళ్లయినా ఆ కూత వినగానే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పాత కంప్యూటర్లు బాగుచేసే జట్టు మాది, పదిమందిమి. సాంచెలకు సెలవున్న రోజు పొద్దున్నే, లింబాయత్‌లో ఒక ఎంబ్రాయిడరీ కార్ఖానా మేడ మీది గదిలో కలుస్తాం. వచ్చేటప్పుడు ఎవరో ఒకరు టిఫిన్‌కు వేడి లోచో పొట్లాలు తెస్తారు. రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైన సార్ మా పెద్ద. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి సూరత్‌లోనే ఉండిపోయారు. మా పక్కింటి వదిన రోజంతా చీరలకు రాళ్లు అతికిస్తుంది, అందుకే సోల్డరింగ్‌లో ఆమెను మించిన వాళ్లు లేరు. నేను మార్కెట్లో ఒక దుకాణంలో బిల్లులు కొడతాను. నాకు నోరెక్కువ. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, తర్వాత వచ్చే తిప్పలన్నీ దానివల్లే.

దొరికిన ముక్కలతో ఏదో ఒకటి చేయకపోతే మాకు తోచదు. మేం చేసినవాటిలో నాకు బాగా నచ్చింది లైటు గంట. సాంచెల మోతలో ఏళ్లు గడిపినవాళ్లకు చెవులు మందగిస్తాయి, తలుపు కొడితే వినబడదు. బయట మీట నొక్కితే లోపల గోడ మీద ఎర్ర లైటు మూడుసార్లు వెలిగేలా చేశాం. ఇప్పుడు మా గల్లీలో సగం ఇళ్లకు అదే గంట. మొదటిది మా ఇంటికే పెట్టాం, మా బాపు కోసం, అంటే మా నాన్న కోసం.

బాగుచేసిన కంప్యూటర్‌ను కొత్త ఇంటికి పంపే రోజైతే పండగే. దానికి అప్పగింతలని పేరు పెట్టింది వదిన. మొదట వేళాకోళంగా మొదలై తర్వాత నిజమైన ఆనవాయితీ అయిపోయింది. తీసుకుపోయే మనిషి మా ముందు కూర్చుని తన చేత్తో డబ్బా విప్పాలి, తన చేత్తోనే బిగించాలి. విప్పడానికి భయపడేవాళ్లకు ఇవ్వం. ఆ పైన డబ్బాతో పాటు ఒడిబియ్యం పోస్తాం. బియ్యమంటే బియ్యం కాదు, చిన్న గుడ్డసంచిలో నాలుగు మరలు, ఒక కొత్త బటన్ సెల్లు, ఒక బ్రష్షు. పల్సానా ఊరి దర్జీ ఒకడు మా డబ్బాను సైకిల్ వెనక కట్టుకుపోతూ ఆ సంచిని మాత్రం చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇక మా బాపు సంగతి. ఆయన సాంచె నడపలేదు, బీములు అతికాడు. బీమంటే పడుగు పోగులు చుట్టిన పెద్ద రోలరు. సాంచె మీద ఒక బీము నూలు అయిపోతే కొత్త బీము ఎక్కిస్తారు. అప్పుడు పాత బీము చివర ఉన్న ప్రతి పోగుకూ కొత్త బీములోని పోగును కలపాలి. బూడిద అద్దుకున్న వేళ్లతో ఒక్క మెలి తిప్పితే రెండు పోగులూ ఒకటైపోవాలి. వేల పోగులు, వరుస తప్పకుండా. ఒక్క పోగు పక్కదాన్ని దాటి అడ్డం పడినా బట్టలో గీత పడుతుంది. ఆ పని చేసే మిషన్లు వచ్చాక బాపును పిలిచేవాళ్లు తగ్గిపోయారు. చెవులు అప్పటికే సగం పోయాయి. పొద్దుట లేచి గోడకేసి కూర్చునేవాడు. అడిగితే "ఏం లేదు బిడ్డా" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చేవి.

ఒక సెలవు రోజు చెయ్యి పట్టుకుని మేడ మీదికి ఈడ్చుకుపోయాను. వెంట్రుకంత సన్న తీగలు రెండు తెగిపోయి ఉంటే సార్ అద్దం పెట్టుకుని తంటాలు పడుతున్నారు. బాపు పక్కన నిలబడి కాసేపు చూశాడు, "జర ఇటియ్యి సారు" అని తీసుకున్నాడు, ఒక్క మెలి తిప్పి ఇచ్చేశాడు. సార్ ఆ అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. "ముప్పై ఏళ్లు తీగల మధ్యే బతికానండీ, ఇలాంటి చెయ్యి చూళ్లేదు" అన్నారు. ఆ తర్వాతి వారం మేం చెప్పకముందే బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని గడప మీద కూర్చున్నాడు. అది చూసి నేను పట్టలేని సంతోషంతో టీలో చక్కెరకు బదులు ఉప్పు వేశాను. ఆయన ఏమీ అనకుండా తాగేశాడు.

అలా రెండేళ్లు గడిచాక మాకో పెద్ద పని తగిలింది. మా గల్లీ సంఘం గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టాలి, ఆరింటికీ నెట్ ఇవ్వాలి. చీరల మీద కుట్టే డిజైన్లు కంప్యూటర్లో గీయడం నేర్చుకోవాలని వదినతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు కాచుకుని ఉన్నారు. మా జట్టు ఒకేసారి ఆరు అప్పగింతలు చేయడం అదే మొదలు. ఆ నెలంతా మార్కెట్లో బిల్లు కొడుతున్నా నా కళ్లముందు తీగలే.

నెట్ తీగలో ఎనిమిది సన్న తీగలుంటాయి, రంగురంగులవి, జతలు జతలుగా. రెండు కొసల్లోనూ ప్లగ్గులో వాటిని ఒకే వరుసలో దూర్చాలి. ఆ వరుసను సార్ ఫోన్‌లో చూపిస్తే నేను స్కెచ్ పెన్నులతో అట్ట మీద పెద్దగా గీసి గోడకు అంటించాను. గోడ దగ్గరి కొసలు నేను కట్టేటట్టు, కంప్యూటర్ల దగ్గరి కొసలు బాపు కట్టేటట్టు పంచుకున్నాం.

మొదలుపెట్టే రోజు గది నిండిపోయింది. ఆరు డబ్బాలూ వరసగా బీప్ బీప్ అంటుంటే నాకు కాలు నిలవలేదు. తెరలు వెలిగాయి. నెట్ మాత్రం ఒక్కదానికీ రాలేదు.

నేను వంగి బాపు కట్టిన కొస చూశాను. వరుస వేరుగా ఉంది. రెండోది చూశాను, మూడోది చూశాను. ఆరూ అంతే. నా అట్టలో పచ్చ జత విడిపోయి, వాటి మధ్య నీలం జత ఉంటుంది. బాపు పచ్చను పచ్చ పక్కన, నీలాన్ని నీలం పక్కన శుభ్రంగా సర్ది పెట్టాడు. నాకు కోపం నషాళానికి ఎక్కింది.

"చూసి చేయరాదా బాపు? గోడ మీద గంత పెద్దగ గీసి పెడితిని. తెలువకపోతే అడగాలె. నీ సొంత తెలివి ఎవరు పెట్టమన్నరు?"

ఆయనకు వినబడాలని గట్టిగా అన్నాను, అందుకని గదంతా విన్నది. బాపు నా నోటి వంక చూశాడు. అట్ట వంక చూశాడు. చేతిలో ఉన్న ప్లగ్గులు నొక్కే కత్తెరను బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి సెలవు రోజు ఇస్త్రీ చొక్కా కొక్కేనికే వేలాడింది. ఆ పై వారమూ అంతే. సంఘం గదిలో ఆ కొసలను ఎవరూ ముట్టుకోలేదు. బాపు మళ్లీ గోడకేసి కూర్చున్నాడు. "రావా?" అంటే "ఏం లేదు బిడ్డా" అన్నాడు. రెండేళ్ల కష్టాన్ని నా నోరు ఒక్క నిమిషంలో మింగేసిందని నాకు తెలుసు. తెలిసినా, తప్పు ఆయనదే కదా అని లోపల ఇంకా గింజుకుంటూనే ఉన్నాను.

మేడ మీద సార్ నెమ్మదిగా అడిగారు. "ఎందుకలా కట్టారో మీ నాన్నగారిని అడిగావా అమ్మా?"

అడగలేదు. వదిన సోల్డరింగ్ కడ్డీ కింద పెట్టింది.

"మామ నాతోని చెప్పిండు. బిడ్డ గీసుట్ల పచ్చ పోగు అడ్డం పడ్డది, నేను మెల్లగ సరిచేస్తున్న, నలుగుట్ల చెప్పకు, చిన్నబోతది అన్నడు. నిజమే అనుకున్న. ఆ రోజు నువ్వు జర ఆగితే గద నేను చెప్పుడు."

బీములు అతికేవాళ్లలో ఒక పద్ధతి ఉంది, చిన్నప్పుడు బాపే చెప్పాడు. పాత బీములో పోగు అడ్డం పడి కనిపిస్తే ఎవరికీ చెప్పరు. చెబితే సాంచె నడిపేవాడికి తిట్లు పడతాయి. అందుకే నోరెత్తకుండా సరిచేసి, తమ దారిన తాము పోతారు. బాపు నాకు కూడా అదే చేశాడు. నేను ఆయనను పదిమందిలో నిలబెట్టి కడిగేశాను.

"మరి ఆ పచ్చ నిజంగా ఎందుకు విడిపోయింది సార్?" అని అడిగాను. అప్పటిదాకా నాకూ తెలియదు మరి, ఊరికే చూసి గీశాను.

సార్ నవ్వారు. "నడిమి రెండు చోట్లూ పాత టెలిఫోన్ తీగలవమ్మా. నెట్ రాకముందు నుంచీ ఆ ఇల్లు వాళ్లదే. ఖాళీ చేయించకుండా పచ్చవాళ్లు చెరో పక్కకూ సర్దుకున్నారు."

ఇది బాపుకు నోటితో చెబితే కుదరదు, చూపించాలి. నాకు ఒక్కసారిగా హుషారొచ్చింది. వదినా నేనూ కలిసి ఆ పూటే ఒక డబ్బా తయారుచేశాం. ఫర్సాణ్, అదే కారపు చిరుతిండి, వచ్చే ప్లాస్టిక్ డబ్బా మూతకు ఎనిమిది బుల్లి లైట్లు, లోపల సెల్లు. నొక్కే మీటలకు ఏం పెడదామా అని వెతుకుతుంటే తుక్కులో సాంచె రేకులు కనిపించాయి. సాంచె మీద ప్రతి పోగుకూ ఒక సన్న ఇనుప రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కిందపడి కరెంటు తగులుతుంది, సాంచె ఆగిపోతుంది. అలాంటివి ఎనిమిది పెట్టాం. నెట్ తీగ రెండు కొసలూ డబ్బాకు గుచ్చి ఒక రేకు నొక్కితే ఆ సన్న తీగ అవతలి కొసలో ఎక్కడ తేలిందో అక్కడి లైటు వెలుగుతుంది. మొదటి లైటు వెలగగానే వదినా నేనూ చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని ఎగిరాం.

డబ్బానూ, సంఘం గదిలో బాపు కట్టిన తీగ ఒకటీ పట్టుకుని మధ్యాహ్నానికి ఇంటికి పరుగెత్తాను. బాపు ముందు పెట్టాను. రేకులు చూడగానే ఆయన చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. ఒకటి నొక్కాడు, ఒకటి వెలిగింది. మూడు దాకా అలాగే సరిగ్గా వెలిగాయి. నాలుగు నొక్కితే ఐదు, ఐదు నొక్కితే ఆరు, ఆరు నొక్కితే నాలుగు. మళ్లీ నొక్కాడు. నేను పక్కన కూర్చుని నీలం, పచ్చ వేళ్లతో చూపిస్తూ టెలిఫోన్ వాళ్ల ఇంటి సంగతి చెప్పాను. ఆయన తీగ కొసను వెలుతురుకేసి తిప్పి చూశాడు.

"అంటే నువ్వు గీసింది తప్పు కాదా?"

"కాదు బాపు."

"గట్లనే ఉంటదా అది?"

"గట్లనే ఉంటది."

"మరి గా ముక్క ముందుగాల చెప్పద్దా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. డబ్బాను ఒళ్లోకి లాక్కుని మళ్లీ మొదటి నుంచి నొక్కడం మొదలుపెట్టాడు. క్షమించమని అడగాలనుకున్నాను గానీ అడగలేదు. లేచి వెళ్లి చొక్కా ఇస్త్రీ చేశాను.

సెలవు రోజున సంఘం గదిలో అందరూ మళ్లీ చేరారు. బాపు నేల మీద బాసిపట్టు వేసుకుని, అట్ట చూస్తూ ఆరు కొసలూ కోసి మళ్లీ కట్టాడు. మొదటి కంప్యూటర్‌కు నెట్ వచ్చింది. గదిలో చప్పట్లు. రెండోది, మూడోది. వదిన తన తెర ముందు కూర్చుని ఏదేదో నొక్కేస్తోంది. ఐదింటికీ వచ్చింది. ఆరోదానికి రాలేదు.

బాపు డబ్బా తీసుకుని, నన్ను దాటి, గోడ దగ్గరి కొసకు వెళ్లాడు. అది నేను కట్టింది. తీగ రెండు కొసలూ డబ్బాకు గుచ్చి ఒకటి నొక్కితే మూడు వెలిగింది, మూడు నొక్కితే ఒకటి. తెల్ల తీగల మీద సన్న రంగు చారలుంటాయి, నేను నారింజ చారనూ పచ్చ చారనూ తారుమారు చేశాను. అన్ని మాటలన్న రోజున కూడా నా తప్పు ఆ గోడకు వేలాడుతూనే ఉంది, బాపు కొసల చాటున ఎవరికీ కనపడలేదు.

బాపు వెనక్కి తిరిగి చూడలేదు. ఆ కొసను అరచేతిలో మూసేసుకుని, "ఏం లేదు, పాత మాల్ గద, ప్లగ్గు ఖరాబున్నది. కొత్తది ఏస్త" అన్నాడు గదితో. కత్తెర ఎత్తాడు.

లేచి నిలబడ్డాను.

"ప్లగ్గు మంచిగనే ఉన్నది. తప్పు నాది. మొన్న మా బాపును ఉత్తగనే అన్న, అందరి ముంగట అన్న. అందుకే అందరి ముంగటనే చెప్తున్న."

ఆయనకు వినబడాలని గట్టిగా అన్నాను. బాపు తిరిగాడు. నా మొహం చూసి, పిడికిలి విప్పి ఆ కొసను బయటపెట్టాడు.

"గంత గట్టిగ ఒర్రుతవేంది బిడ్డా, ఇనవడుతనే ఉన్నది" అన్నాడు. కత్తెర నా చేతిలో పెట్టి, పక్కకు జరిగి, ఆ కొస నన్నే కట్టమన్నాడు.