బోరు తాడు నడుముకు కట్టుకున్నాను

ఆ రోజు పొద్దున తాడు ముడి వేస్తుంటే చేతికి పీచు తగిలింది. నైలాన్ తాడు కదా, ఎప్పుడూ నున్నగా ఉంటుంది. ఒక్క చోట మాత్రం నూగు లేచి, గొంగళిపురుగును పట్టుకున్నట్టు అనిపించింది. చూశాను. చూసి కూడా ఆ భాగాన్ని లోపలివైపుకు తిప్పి నడుముకు కట్టుకున్నాను. కింద చింతకాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందు తాడు లాగి లాగి చూస్తూ నిలబడితే పిరికివాడనుకుంటారని నా ఏడుపు.

పుంగనూరు పక్కన ఒక చేని గట్టు మీద చెట్టు అది. శివరాత్రి పోయి ఎండ ముదురుతున్న రోజులు. చింతకాయ దులిపే పనిలో చేరి నాకింకా నెల కూడా నిండలేదు. పై కొమ్మ మీద నిలబడి దోటితో కొసలు కొడుతుంటే కాలు జారింది. తాడుందిలే అనుకున్నాను. అది పట్టుకున్నట్టే పట్టుకుని పుటుక్కున తెగింది.

కింద పడ్డాక నొప్పికంటే ముందు సిగ్గొచ్చింది. లుంగీ తడిసిపోయిందని నాకు తెలియనే తెలియదు. ఒక ముసలామె తన తలగుడ్డ విప్పి నా మీద కప్పితే తెలిసింది. మా మేస్త్రీ గంగులప్ప పరుగెత్తుకొచ్చి, "కాలు కదిలించప్పా సిద్దప్పా, ఒక్క ఏలైనా కదిలించు" అన్నాడు. కదిలించాననే అనుకున్నాను. ఆయన మొహం చూశాక కదల్లేదని అర్థమైంది.

అసలు నేను చెట్టు ఎందుకెక్కానో చెప్పాలి. నిమ్మనపల్లె దగ్గర మాకు మెట్ట ఉంది. బోరు కింద టమేటా పెట్టేవాళ్ళం. రెండువేల సంవత్సరం దాటినాక కరువు మీద కరువొచ్చి బోరు ఎండిపోయింది. ఇంకొకటి వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రైతుబిడ్డ కూలికి చెట్లెక్కుతున్నాడంటే ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలమా అని నా బాధ. అందుకని మా ఊరివాళ్ళ కంటపడకుండా పుంగనూరు వైపు గంగులప్ప గుంపులో చేరాను. నా భార్య రెడ్డెమ్మకు మాత్రం మదనపల్లె మార్కెట్ యార్డులో పని దొరికిందని చెప్పాను. పాపం, ఆమె రోజూ తెల్లవారకముందే లేచి క్యారియర్ కట్టి పంపేది.

గంగులప్ప మంచివాడు. మొదటి రోజే చెప్పాడు: "బెల్టు లేకుండా నా గుంపులో ఎవురూ పైకొమ్మ ఎక్కకూడదప్పా. మదనపల్లెలో కరెంటోళ్ళు కట్టుకునేది దొరుకుతాది. రేటు జాస్తి. కావాలంటే నేనూ వస్తా, ఇద్దరం పోయి అడుగుదాం."

"నేనే తెచ్చుకుంటాలేప్పా" అన్నాను. ఆయన పక్కన మదనపల్లె బజారులో నడిస్తే ఎవరైనా చూస్తారు కదా!

ఒక్కణ్ణే హార్డ్‌వేర్ అంగడికి పోయాను. బెల్టు గోడకు వేలాడుతోంది. అడుగుదామని నోరు తెరిచాను. అంతలో వెనకనుంచి, "ఏం బావా, ఈడుండావు?" అన్న గొంతు. మా ఊరివాడే, వరసకు బామ్మర్ది. పైపులు కొనడానికి వచ్చాడు.

అంగడాయన నన్ను చూసి, "ఏం కావాలప్పా? ఎవురికి?" అన్నాడు.

"మోటారుకు" అన్నాను. "బోర్లోంచి మోటారు పైకి తియ్యాల. ఆ బెల్టు పనికొస్తాదేమో అని."

ఆయన పకపకా నవ్వాడు. "మోటారుకు బెల్టు యాలప్పా? అది మనుసులకు. నీ పాత బోరు తాడుంటాది కదా, మోటారుకు అది సాలు. ఊరికే దుడ్లు దండగ."

బామ్మర్ది నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి ఇంటికొచ్చాను.

ఎండిన బోరులోంచి తీసిన తాడు పశువుల కొట్టంలో చుట్ట చుట్టి పడుంది. ఏళ్ళ తరబడి అంత బరువు మోటారును మోసింది, నన్ను మోయదా అనుకున్నాను. ఇదీ నా రైతు బుర్ర వేసిన లెక్క! మర్నాడు గంగులప్ప తాడు చూసి "బెల్టేదప్పా?" అంటే, "ఆర్డరిచ్చినా, వారంలో వస్తాది, అంతవరకూ ఇది" అన్నాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు.

ఆ రోజు చెట్టు కింద పడ్డ నన్ను నులకమంచం మీదికి చేర్చి, మంచంతో సహా టమేటా టెంపోలోకి ఎక్కించి పుంగనూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు పాదాలకు పిన్ను గుచ్చి చూశాడు. "వెన్నుపూస దెబ్బతింది. కూర్చోబెట్టొద్దు, పక్కకు తిప్పొద్దు. ఇట్లే కుప్పం పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అన్నాడు. పలమనేరు మీదుగా పోతుంటే రోడ్డు మీద ప్రతి గుంతా నా నడుములో తెలిసింది. నడుము కింద మాత్రం ఏమీ తెలియలేదు.

కుప్పంలో ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీశారు. సర్జన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. "ఎల్ వన్ బర్స్ట్ ఫ్రాక్చర్, అంటే నడుము పూస చితికింది. ముక్క వెనక్కి వచ్చి నరాల మీద ప్రెజర్ పెట్టింది. ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేస్తాం. నడుస్తావో లేదో ఇప్పుడే చెప్పలేను."

గంగులప్ప పంపిన మనిషితో రెడ్డెమ్మ వచ్చింది. నన్ను కాళ్ళనుంచి తలదాకా చూసింది. "మార్కెట్ యార్డులో సింతసెట్టు యాడుండాది?" అంది. నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్ళకు ఎడమ కాలి బొటనవేలు కదిలింది. ఫిజియోథెరపీ ఆయన సంబరపడి, "పవర్ వస్తోంది" అన్నాడు. మూత్రానికి పెట్టిన గొట్టం, క్యాథెటర్, తీసేశారు. మర్నాడు రౌండ్స్‌లో సర్జన్ వెంట నర్సింగ్ చదివే ఆడపిల్లలు నా మంచం చుట్టూ నిలబడ్డారు.

"యూరిన్ ఫ్రీగా వస్తోందా?"

"వస్తాంది సార్."

ఎక్కడ వచ్చింది! నాకు తెలియకుండానే చుక్కలు చుక్కలుగా కారుతోంది, లోపలున్నది లోపలే ఉంది. తడిసిన గుడ్డలు మంచం కింద దాచేవాణ్ణి. రెడ్డెమ్మ తీసి ఉతుక్కొచ్చేది. అంతమంది ఆడపిల్లల ముందు నా ఒంటికి పాస్ పోసుకోవడం కూడా చేతకావడం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాతి రౌండ్స్‌లోనూ అదే మాట చెప్పాను. పొత్తికడుపు కుండలా ఉబ్బింది. చలిజ్వరం పట్టుకుని మంచం ఊగిపోయింది.

అప్పుడు రెడ్డెమ్మ డాక్టరుకు అడ్డంగా నిలబడింది. "ఈయన సెప్పేది నమ్మొద్దు సార్. గుడ్డలు ఉతికేదాన్ని నేను. పాస్ సరిగ్గా రావడం లేదు."

ఆయన నా పొట్ట నొక్కి చూసి, వెంటనే క్యాథెటర్ పెట్టించాడు. సంచి చూస్తుండగానే నిండిపోయింది. ఆయనకు కోపం వచ్చింది. "రిటెన్షన్, మూత్రం లోపలే నిలిచిపోయింది, దాని మీద ఇన్‌ఫెక్షన్. ఇట్లే వదిలేసింటే కిడ్నీలు పోయేవి. నువ్వు చెప్పినదానికే కదయ్యా నేను మందిచ్చేది? నీకున్నదొకటి, చెప్పేదొకటి అయితే నేనేం చెయ్యాలి?"

ఆ మాటతో హార్డ్‌వేర్ అంగడాయన గుర్తొచ్చాడు. ఆయన కూడా నేను చెప్పినదానికే సలహా ఇచ్చాడు. థూ నా బతుకు అనుకున్నాను.

డాక్టరు పోయాక రెడ్డెమ్మ నా తల దగ్గర కూర్చుని ఏడుస్తూనే తిట్టింది. "నువ్వు సెట్టెక్కితే నాకు సిగ్గని నీతో ఎవురు సెప్పినారు? కూలి సేసి తెచ్చిన కూడు నాకు గొంతు దిగదా? నన్ను ఒక్క మాట అడిగినావా?"

మూత్రం సంచితోనే ఇంటికొచ్చాను. పడుకుని పడుకుని పిర్ర మీద బెడ్‌సోర్ పుండు ఒకటి లేచి అది మానేదాకా బోర్లా పడుకున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్ళకు కనబడకుండా సంచి మీద తువ్వాలు కప్పేవాణ్ణి. ఒకరోజు ఆ బామ్మర్దే వచ్చాడు. "మోటారు పైకి తీసేటప్పుడు పడినావంట కదా బావా? ఆ పొద్దు అంగట్లో సూస్తిని, అనుకుంటినే!" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. ఇంత జరిగాక కూడా!

వంటింట్లోంచి రెడ్డెమ్మ గొంతు వినిపించింది. "మోటారు కాదు ఏమీ కాదు. పుంగనూరు కాడ కూలికి పోయి సింతసెట్టు మీదినుంచి పడినాడు. కాపీ తాగిపో అన్నా." భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. బామ్మర్ది కాఫీ తాగి, పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "నాకూ బోరు ఎండిపోయింది బావా. ఎవురికీ సెప్పలేదు" అన్నాడు.

చెకప్‌కు కుప్పం పోయినప్పుడల్లా ఏదో ఒకటి కొత్తగా నేర్పేవారు. సబ్బుతో చేతులు కడుక్కుని నాకు నేనే క్యాథెటర్ పెట్టుకుని తీసేయడం ఒక సిస్టర్ నేర్పింది. ఇంట్లో కొట్టం గుంజ పట్టుకుని నిలబడేవాణ్ణి. ముందు రెడ్డెమ్మ భుజం, తర్వాత వాకర్, తర్వాత కర్ర. ఒక పొద్దున క్యాథెటర్ పెట్టుకోబోతుంటే మూత్రం దానంతట అదే వచ్చింది. పెళ్ళాన్ని కేకేసి పిలిచి చూపించాను. పండగ వచ్చినట్టు ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

నేను కర్రతో వాకిట్లోకి రాగలిగినాక గంగులప్ప వచ్చాడు. తెగిన తాడు తెచ్చాడు. బోరు కేసింగ్ పైపు అంచుకు ఏళ్ళ తరబడి రాసుకుని పీచు లేచిన చోటే తెగింది. "మోటారు ఊరికే యాలాడుతాదప్పా. మనం పడితే ఒక్క గుంజు గుంజుతాం. దానికి ఇది యాడ తట్టుకుంటాది?" అన్నాడు. తాడు నా చేతికిచ్చి, "బెల్టు ఆర్డరిచ్చినా అంటివే" అన్నాడు.

ఇప్పుడు నేను ఆయన గుంపులోనే కింద పని చేస్తున్నాను. ఎవరు చెట్టెక్కినా వాళ్ళ తాడు, బెల్టు కుట్లు, కొక్కేలు నేను తడిమి చూశాకే ఎక్కాలి. కుడి పాదం ఈడుస్తాను. గట్టిగా దగ్గితే ఇప్పటికీ తడుస్తుంది, చేతిసంచిలో ఇంకో లుంగీ పెట్టుకునే తిరుగుతాను. బెల్టు అడగడానికి సిగ్గుపడినవాణ్ణి, ఇప్పుడు నడుముకు లంబార్ బెల్టు లేకుండా బస్సెక్కలేను.

మొన్నామధ్య గుంపుకు బెల్టులు కావాలంటే నేనే మదనపల్లె పోయాను. అదే అంగడి. జనం నిండుగా ఉన్నారు.

"ఏం కావాలప్పా? ఎవురికి?"

ఇప్పుడు కూడా నా గొంతు కిందికే దిగింది. కర్ర గట్టిగా పట్టుకుని పెద్దగా చెప్పాను. "సింతసెట్లు ఎక్కేవాళ్ళకు. మా గుంపుకు."

ఆయన ఈసారి నవ్వలేదు. లోపలికి పోయి భుజాలకూ తొడలకూ పట్టీలుండే రకం తెచ్చాడు. "ఉత్త నడుం బెల్టు వద్దప్పా, పడితే నడుమే ఇరుగుతాది. ఇది తీసుకో. పాతవి మాత్రం యాడా కొనొద్దు, దాని కత మనకు తెలీదు. రేటు జాస్తి అనుకుంటే అందరూ కలిసి రెండు కొనుక్కోండి, ఎక్కేవాడు కట్టుకుంటాడు."

"కొత్తగా పనిలో చేరినోడు ఒంటిగా వస్తే?" అన్నాను.

"వానికైతే కంతుల మీద ఇస్తా, నెలకింత కట్టుకుంటాడు. సెట్టెక్కేవానికి ఇయ్యకుండా ఎవురికిస్తా? నోరు తెరిచి సెప్పాల గానీ."

ఆయనకు నేను గుర్తులేను. బెల్టులు తీసుకుని బయటికొచ్చి, అంగడి మెట్టు మీద కూర్చుని ఒక్కో కుట్టూ తడిమి చూశాను.

చెట్టు పనిలోకి కొత్తగా దిగే తమ్ముళ్ళారా, ఇంతా రాసింది ఒక్క మాట కోసం. అంగట్లో "ఎవరికి?" అని అడుగుతారు. వెనక బామ్మర్ది ఉన్నా, ఊరంతా ఉన్నా, "నాకే, చెట్టెక్కడానికి" అని గట్టిగా చెప్పండి. డాక్టరు అడిగినా అంతే.