తలకిందులైన కొల్లేరు

ఆకివీడులో ఏలూరు బస్సెక్కితే నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు, ఒళ్లో గుడ్డ చుట్టిన పటంతో. బొమ్మలు వేస్తారట. వరదకు ఇంట్లో బొమ్మలన్నీ పాడైపోతే, మళ్లీ మొదలుపెట్టి వేసింది ఇదట. ఏలూరులో ప్రదర్శనకు ఇవ్వడానికి వెళ్తున్నారు.

"రెండేళ్లు వరసగా వెనక్కి పంపారమ్మా. ఈసారీ పంపితే ఇక కుంచె పట్టను," అంటూ గుడ్డ విప్పారు.

కొల్లేరే. "ఏవండీ, తలకిందులుగా పట్టుకున్నారు," అన్నాను.

ఆవిడ నవ్వారు. "సరిగ్గానే పట్టుకున్నానమ్మా. నీళ్లు పైన, ఆకాశం కింద. వరదలో మాకు లోకం అలాగే ఉంది."

నాకు సిగ్గేసింది. బడి మొహం చూడలేదు, అమ్మ ఇంట్లో నేర్పిన చదువే నాది. ఆవిడ మాత్రం పటాన్ని తిప్పి, "ఇప్పుడేం కనిపిస్తోంది?" అని అడిగారు.

"పడవలు నీళ్లలో వదిలిన కార్తీక దీపాల్లా ఉన్నాయండీ."

ఆవిడ పటాన్ని చాలాసేపు చూశారు. సంచిలోంచి పెన్ను తీసి, ఒక అంచున ఉన్న సంతకానికి తోడు రెండో అంచునా సంతకం చేశారు.

"ఎటు తగిలించినా నాదే. వెనక్కి పంపితే ఇటు తిప్పి మళ్లీ ఇస్తాను," అన్నారు.

ప్రదర్శనకు తీసుకున్నారో లేదో నాకు తెలియదు. దేవుడికి పెట్టే పూలలో ఒకటి మాత్రం ఆవిడ కోసం పెడుతుంటాను.